పొగ మానిన మొదటి వారము

కన్యాశుల్కములో గిరీశము చుట్టను పొగడుచు చదివిన పద్యము తెలుగువారిలో ఎందరికో కంఠస్థము. దానిని విని నవ్వువారిలో, చుట్ట మానవలెనని పలుమార్లు యత్నించి విఫలులైనవారును ఉందురు. వారి కొరకును, వారి యింటివారి కొరకును ఈ ప్రసంగమును ఉద్దేశించితిమి. పొగ హానికరమని వారికి మరల బోధింపనక్కరలేదు. ఆ మాట సిగరెట్టు పెట్టెపై బొమ్మతోసహా అచ్చుపడియే యున్నది. మానిన తరువాత దేహములో జరుగునదేమో వారికి తెలియవలెను. ఏలయన, మానినవారిలో పెక్కుమంది మరల ముట్టించుట మొదటి వారములోనే.

పొగాకులోని నికొటిన్ ఊపిరితిత్తులనుండి రక్తములో కలిసి, కొన్ని క్షణములలోనే మెదడును చేరి హాయి గొలుపును. కాని రెండు గంటలు గడచునప్పటికి రక్తములో నది రమారమి సగమునకు దిగిపోవును. రాత్రియంతయు నిద్రించి లేచినవాడు పండ్లు తోముకొనకమునుపే బీడీ కొరకు తడవుకొనుట ఇందువలననే. లేచిన అరగంటలోపల ముట్టించువారికి వ్యసనము బలముగా నున్నదని వైద్యులు తలంతురు. ఆ మొదటి బీడీ ఇచ్చు సుఖము చాలవరకు రాత్రి యేర్పడిన లోటు తీరుటయే. పాత బాకీకై క్రొత్త అప్పు చేయుట వంటి దిది.

అప్పు పుట్టకుండ చేసినప్పుడు మెదడు ఊరకుండదు. చిరాకు, నిద్రలేమి, అమితమైన ఆకలి, మనస్సు నిలువకుండుట కలుగును. మొదటి రెండు మూడు దినములలో ఇవి తీవ్రముగా నుండి, మూడు నాలుగు వారములలో చాలవరకు సన్నగిల్లును. కాల్చవలెనను కోరికయు కెరటమువలె వచ్చి కొద్ది నిమిషములలో దిగిపోవును. ఆ కొద్దిసేపు మంచినీరు త్రాగుటయో, వీధిలోనికి నడచి వచ్చుటయో చాలును. ఈ సంగతి ఇంటిల్లిపాదికిని తెలిసియుండవలెను. మూడవనాడు ఇంటి యజమాని అకారణముగా కసురుకొనగా, "ఈ బాధకంటె ఆ చుట్ట కాల్చుకొనుటయే మేలు" అని యిల్లాలు జాలిపడి అనును. ఆమె ఉద్దేశము మంచిదే. కాని ఆ వారములో ఇంతకంటె అపాయకరమైన మాట వేరొకటి లేదని మా అభిప్రాయము.

కాఫీ సంగతి చాలమంది ఎరుగరు. పొగ త్రాగువారి కాలేయము కాఫీలోని కెఫీన్‌ను త్వరగా విరిచివేయును. పొగ మానగానే ఆ వేగము తగ్గును; పూర్వము త్రాగిన కాఫీయే ఇప్పుడు రక్తములో ఎక్కువసేపు నిలిచి, గుండెదడను, నిద్రలేమిని కలిగించును. కాఫీ చేసిన పనికి పొగ మానుటను నిందించుచుందురు! ఆ దినములలో కాఫీని సగమునకు తగ్గించుట మంచిది.

మందుల దుకాణములలో దొరకు నికొటిన్ గమ్ము కొందరికి సహాయపడును. దానిని మిఠాయివలె ఎడతెగక నమలరాదు. ఘాటు తెలియువరకు నెమ్మదిగా నమిలి, బుగ్గకును చిగురుకును నడుమ నుంచి, ఘాటు తగ్గిన పిమ్మట మరల నమలవలెను. నోటిలో గమ్ము ఉన్నప్పుడును, దానికి పావుగంట ముందును కాఫీగాని నిమ్మరసముగాని త్రాగినచో నికొటిన్ సరిగా ఎక్కదు. గర్భిణులును, గుండెజబ్బు కలవారును ముందుగా వైద్యుని అడుగవలెను.

"ఈ వయస్సులో మాని ఏమి లాభము?" అనువారున్నారు. రిచర్డ్ డాల్ ప్రభృతులు బ్రిటిష్ వైద్యులను 50 సంవత్సరములు పరిశీలించి 2004లో ఫలితములను ప్రకటించిరి. కాల్చుట కొనసాగించినవారికంటె, 30వ యేట మానినవారికి సుమారు 10 సంవత్సరముల ఆయుర్దాయము దక్కినది. 60వ యేట మానినవారికిని 3 సంవత్సరములు దక్కినవి. మన శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతములలో నిప్పును నోటిలోపల ఉంచి చుట్ట కాల్చు స్త్రీలు కలరు. ఈ అడ్డపొగవలన అంగిలికి క్యాన్సరు వచ్చుచున్నదని 1957లోనే వైద్యులు ప్రకటించిరి. చిరకాలపు అలవాటు బోధనవలన మారదని తలంచుట తగదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాల పల్లెలలో 36 వేలకు పైబడిన పొగాకు వాడుకరులకు బోధించి చూచిన పరిశోధన 1986లో వెలువడినది. బోధన పొందినవారిలో మానినవారు ఎక్కువ. నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుటయు తగ్గినది.

ఒంటరిగా మానలేనివారు 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు పిలువవచ్చును. భారత ప్రభుత్వము 2016లో నెలకొల్పిన ఈ సహాయకేంద్రమున తెలుగులోను సలహా దొరకును.