క్రిస్-క్రాస్ రో – ఓనమాలు

ఆంగ్లభాషలో ఒకప్పుడు పసిపిల్లల నోట వినబడి, నేడు పెద్ద నిఘంటువులలో మాత్రమే మిగిలియున్న పదములు కొన్ని గలవు. అందు విద్యకు సంబంధించినది 'క్రిస్-క్రాస్ రో'. దీనికి అక్షరమాల యని యర్థము. బాలుడు క్రిస్-క్రాస్ రో నేర్చుచున్నాడనిన, ఏ, బీ, సీ, డీలు దిద్దుచున్నాడని భావము. అక్షరమాలకు ఈ పేరెట్లు వచ్చెనో తెలిసికొన్నచో మన తెలుగు మాటయొకటి మనకు మరింత చక్కగా బోధపడును. అందుచే తల్లిదండ్రుల నిమిత్తము ఈ సంచికలో దీనిని వివరింపదలచితిమి.

ఇంగ్లండులో పదునారవ శతాబ్దము మొదలు పదునెనిమిదవ శతాబ్దము వరకు పిల్లల మొదటి చదువునకు 'హార్న్ బుక్' అను సాధనము వాడుకలో నుండెను. పేరునకు పుస్తకమేగాని దానికి పుటలు లేవు. చేతిపిడిగల చిన్న చెక్కపలక. దానిమీద అక్షరములున్న ఒక్క కాగితము. ఆ కాగితముపై పశువుల కొమ్మును పలుచగా చీల్చి చదునుచేసిన రేకు. ఆ రేకుగుండ అక్షరములు కనబడును. పిల్లల చేతి మురికి కాగితమున కంటదు. పిడికి రంధ్రముచేసి, త్రాడుకట్టి నడుమునకు వ్రేలాడదీసికొనుటయు గలదు. అక్షరముల క్రింద 'ఆబ్, ఎబ్, ఇబ్', 'బా, బే, బీ' వంటి చిన్న శబ్దములును, వాని క్రింద క్రైస్తవుల ప్రార్థనయు నుండెడివి.

ఈ పలకలో మొదటి వరుసయందు 'ఏ' అక్షరమునకు ముందు సిలువగుర్తు వేయుట ఆచారము. ఆ గుర్తునకు 'క్రైస్ట్-క్రాస్' అని పేరు. సిలువతో ప్రారంభమగు వరుస గనుక అక్షరమాల 'క్రైస్ట్-క్రాస్ రో' అయ్యెను. 'క్రిస్మస్' అను మాటలో 'క్రైస్ట్' అనునది 'క్రిస్' అయినట్లే ఇచ్చటను ఉచ్చారణ కుదించుకొనిపోయి 'క్రిస్-క్రాస్ రో' ఏర్పడెను.

కొందరు 'క్రాస్ రో' అనియు వాడిరి. 1597లో అచ్చయిన షేక్స్‌పియరు 'మూడవ రిచర్డు' నాటకములో ఈ రూపమే కనబడును. 'జి' అక్షరముతో పేరు మొదలగువాని వలన తన సంతతికి కీడు మూడునని రాజు నమ్మి, జార్జి అను తన తమ్ముని చెరకు పంపును. రాజు 'క్రాస్ రో'నుండి ఆ యక్షరమును ఏరితీసెనని జార్జి వాపోవును. నిజమునకు కీడు తలపెట్టినవాడు గ్లోస్టరు ప్రభువైన మరియొక తమ్ముడు. ఆ బిరుదమునకు మొదటి యక్షరమును 'జి'యే!

చౌకగా అచ్చైన వాచకములు వచ్చిన పిదప కొమ్మురేకు పలక మూలబడెను. దానితోపాటు ఈ మాటయు మరుగుపడెను. ఒకదానికొకటి అడ్డముగా పోవు గీతలను 'క్రిస్-క్రాస్' అనుట మాత్రము నేటికిని గలదు. ఆ మాట పలుకువారికి అక్షరములు జ్ఞప్తికి రావు.

ఇక మన మాటకు వత్తము. మన పూర్వులు వీధిబడిలో ముందుగా 'ఓం నమశ్శివాయ సిద్ధం నమః' అని వ్రాయించి, పిమ్మట అ, ఆలు దిద్దించెడివారు. అందలి మొదటి యక్షరములే 'ఓనమాలు'. ఇసుకలోనో బియ్యములోనో గురువు వ్రేలు పట్టి దిద్దించిన ఆ నమస్కారము, కాలక్రమమున అక్షరమాలకే పేరయ్యెను. పనిలో ఏమియు తెలియనివానిని 'ఓనమాలు తెలియనివాడు' అందుము. మహారాష్ట్రుల 'ఓనామా', మలయాళీల 'హరిశ్రీ' ఇట్టివే. మన యిరుగుపొరుగు తమిళులు అక్షరముల పుస్తకమును 'అరిచ్చువడి' యందురు. అందు మొదట నున్నది హరినామమని చెప్పుదురు. ఏ దేశమందైనను పెద్దలు బిడ్డకు తొలి యక్షరమును ఒక శుభకార్యముగ భావించి నేర్పిరని దీనివలన తెలియుచున్నది. నేడు మా పాఠశాలలో అన్ని మతముల పిల్లలును ఓనమాలు దిద్దుచున్నారు. ఆ మాట అందరిదియు నైనది.

ఇచ్చట నొక భేదము గమనింపదగినది. కొమ్మురేకు పలకలోని 'బా, బే, బీ' మన గుణింతమును పోలియున్నది. అయితే ఆంగ్లములో 'ఏ' అను ఒక్క యక్షరమే 'క్యాట్' అను మాటలో ఒక తీరుగను, 'కేక్'లో మరియొక తీరుగను, 'కార్'లో వేరొక తీరుగను పలుకును. తెలుగులో 'కా' అని వ్రాసినచో ఎచ్చటనైనను 'కా' యే. కావున గుణింతము వచ్చిన బాలుడు తానెరిగిన మాటలను తనంతట తానే కూడబలుకుకొని చదువగలడు. వ్రాతకును పలుకునకును గల సంబంధమిది యని ఒక భాషలో గ్రహించిన పిమ్మట, రెండవ భాషలో వానికి క్రొత్త గుర్తులు నేర్చుటయే పని. అందులకు ఇంట మాటలాడు భాషకంటె సులభమైన మార్గము లేదు.

"తెలుగక్షరములు మొదలుపెట్టినచో ఇంగ్లీషు వెనుకబడదా?" యని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. పై విషయమే వారికి మా సమాధానము. ప్రాథమిక దశలో భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు సదుపాయములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. అయినను ఆ సదుపాయము కోరి పిల్లలను పంపువారు లేనిచో తరగతి నిలువదు.

మన వారి యిండ్లలో తెలుగు మాటలాడుచు, తమిళము మాత్రమే చదువగలవారు అనేకులు గలరు. తల్లికి తెలుగక్షరములు రానిచో బిడ్డకు ఎట్లు సాయపడుననియు కొందరు సంకోచించుచున్నారు. అట్టివారికి మా మనవి: ప్రతిదినము సాయంకాలము పావుగంట బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆనాడు నేర్చిన అక్షరములను బిడ్డచేతనే మీకు చెప్పించుకొనుడు, మీరును పలకమీద దిద్దుడు. బిడ్డకు పాఠము స్థిరపడును. మీకును చదువు వచ్చును. క్రిస్-క్రాస్ రో అను మాట దానిని వల్లించువారు లేక మరుగుపడెను. ఓనమాలు అను మాట మన యిండ్లలో నిలుచుట మీ పావుగంటపై ఆధారపడియున్నది.