కూర్చోని స్లయిడు... కొంప ముంచే పిస్తోలు
ఇంటి తయారీ ఆయుధాలతో ప్రాణానికీ, చట్టానికీ చేటే

మండల కేంద్రంలోని లేతు మిషను షాపు తెలియని రైతు వుండడు. మోటారు షాఫ్టు అరిగినా, ఇంజను పిస్టను పట్టేసినా, ట్రాక్టరు పిన్ను వదులైనా అందరూ అక్కడికే వెళతారు. అలాంటి ఒక షాపుకు ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు పాత తువ్వాలులో చుట్టిన రెండు ఇనుప ముక్కలు పట్టుకొచ్చాడు.

"బాబాయ్, ఇది దాని మీద సాఫీగా జారడం లేదు. సగం దాకా వచ్చి పట్టేస్తోంది. కొంచెం ఆకురాయి పట్టించి యివ్వాలి" అన్నాడు.

నలభై ఏళ్ళుగా ఇనుముతోనే బతుకుతున్న మేస్త్రికి ముక్కలు చూడగానే సంగతి అర్థమైంది. అది పంపు సామాను కాదు, పిస్తోలు స్లయిడు. తువ్వాలు మళ్ళీ చుట్టి కుర్రాడి చేతిలో పెట్టాడు. "ఇది అరిగించేది కాదు నాయనా, వదిలించుకునేది. ముందు కూర్చో, చెబుతాను" అన్నాడు.

సెల్‌ఫోన్లలో అమెరికా వీడియోలు చూసి ఇలాంటి సరదాలకు పోయే యువకులు మేస్త్రి చెప్పిన సంగతులు తెలుసుకోవడం అవసరం.

స్లయిడు అంటే ఏమిటి?

ఆటోమేటిక్ పిస్తోలు పైభాగంలో ముందుకూ వెనక్కూ జారే ఉక్కు తొడుగును స్లయిడు అంటారు. కింద చట్రానికి రెండు పట్టాలుంటాయి. స్లయిడు గాళ్ళు ఆ పట్టాల మీద నడుస్తాయి. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికాలోని యూటా రాష్ట్రం ఆగ్డెన్ పట్టణానికి చెందిన జాన్ బ్రౌనింగ్. ఆయన తండ్రి కూడా తుపాకులు చేసే పనివాడే. బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలును అమెరికా సైన్యం 1911లో తీసుకున్నది. తీసుకునే ముందు జరిపిన పరీక్షలో ఒకే పిస్తోలుతో రెండు రోజుల్లో 6,000 తూటాలు పేల్చారు. కాలిపోతున్న పిస్తోలును నీళ్ళలో ముంచి చల్లార్చి మళ్ళీ పేల్చారు.

ఆ పిస్తోలులో తూటా పేలినప్పుడు గొట్టమూ, స్లయిడూ ఒకదానికొకటి గొళ్ళెం పడి వుంటాయి. రెండూ కలిసి కొద్దిగా వెనక్కి జరుగుతాయి. ఈలోగా గుండు గొట్టం దాటిపోతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గొట్టం కిందికి దిగి గొళ్ళెం విడిపోతుంది. స్లయిడు ఒక్కటే వెనక్కి వెళ్ళి ఖాళీ తొడుగును బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి తోస్తుంది. ఇదంతా కంటి రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో జరగాలి.

అమెరికాలో అభిరుచి కొద్దీ ఇంట్లో పిస్తోలు చేసుకునేవారు వున్నారు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం, ఆయుధం వుంచుకోకూడదని నిషేధం లేని వ్యక్తి తన సొంతానికి పిస్తోలు చేసుకోవచ్చు. అయితే కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో గట్టి ఆంక్షలున్నాయి. సగం తయారైన విడిభాగాల పెట్టెలు కొనుక్కుని బిగించుకునే పద్ధతి పెరగడంతో నంబరు లేని తుపాకుల బెడద అక్కడ పెద్ద సమస్య అయింది. ఆ పెట్టెలకూ నంబరు వుండాలనీ, కొనేవారి పూర్వాపరాలు విచారించాలనీ 2022లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఆ నిబంధన చెల్లుతుందని 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

బిగువు, వదులు, వంకర

అన్ని పనిముట్లూ వున్న ఆ అభిరుచిపరులకు కూడా మొదట ఎదురయ్యే చిక్కు స్లయిడే. ఆ చిక్కు మూడు రకాలు.

బిగువుగా వుంటే స్లయిడు చివరిదాకా ముందుకు రాదు. గొళ్ళెం పూర్తిగా పడదు. ఫ్యాక్టరీ పిస్తోలులో అలాంటప్పుడు గుర్రం పడకుండా ఆపే చిన్న భాగం ఒకటి వుంటుంది. ఇంటి తయారీలో ఆ భాగమే సరిగా కుదరకపోతే గొళ్ళెం పడకముందే తూటా పేలవచ్చు. 1911 పిస్తోలులో వాడే .45 తూటా పేలితే లోపల చదరపు సెంటీమీటరుకు సుమారు 1,400 కిలోల దాకా ఒత్తిడి పుడుతుంది. అది గొట్టం ముందు నుంచి పోవాల్సింది పోయి పేల్చినవాడి ముఖం మీదికి వస్తుంది.

బిగువు పోవాలని ఎక్కువ అరగదీస్తే వదులవుతుంది. ఇక్కడ తేడాలు మిల్లీమీటరులో వందో వంతుల్లో వుంటాయి. ఆకురాయి నాలుగు సార్లు ఎక్కువ పడితే చాలు, తీసిన ఇనుమును మళ్ళీ అతికించడం వుండదు.

మూడోది వంకర. చేతికి సాఫీగానే జారినట్లుంటుంది. కాని గాడి ఒక పక్క లోతుగా, మరో పక్క పైకి వుంటుంది. గొళ్ళేలు రెండు వైపులా సమంగా పట్టవు. మొదటి పది తూటాలకు ఏమీ కాకపోవచ్చు. పదకొండోది పేలినప్పుడు ఉక్కు చిట్లవచ్చు.

ఇక ఉక్కు సంగతి వేరు. పైకి మెరిసే ముక్కలన్నీ ఒకటి కావు. ఏ ఉక్కో, దాన్ని ఎంత కాచి ఎలా చల్లార్చారో కంటితో చూసి చెప్పలేం. అందుకే తుపాకులకు ప్రూఫు పరీక్ష పుట్టింది. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకున్న వాటికే ముద్ర వేస్తారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఇందుకోసం 1813లోనే చట్టం చేసి ప్రత్యేక సంస్థ పెట్టారు. ఇంట్లో చేసిన పిస్తోలుకు ఈ పరీక్ష ఎవరు చేస్తారు? చివరికి చేసినవాడి చెయ్యే పరీక్ష అవుతుంది.

నాటు తుపాకీదీ ఇదే కథ

పిస్తోలు మాట అటుంచితే, అడవి పందుల బాధ పడలేక నాటు తుపాకీ పట్టే అలవాటు కొన్ని ఊళ్ళలో వుంది. నీళ్ళ పైపును గొట్టంగా వాడిన తుపాకీ ఎప్పుడైనా పేలిపోవచ్చు. నీళ్ళకు వాడే జి.ఐ. పైపును ఫ్యాక్టరీలో చదరపు సెంటీమీటరుకు 50 కిలోల నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. 12 బోర్ తుపాకీ గొట్టం 600 కిలోలకు పైబడిన ఒత్తిడికి తట్టుకోవాలి. పైగా పైపుకు నిలువునా వెల్డింగు అతుకు వుంటుంది. మందు కొలత కాస్త ఎక్కువైతే ఆ అతుకు దగ్గరే విచ్చుకుంటుంది. పంట కాపాడుకుందామని వెళ్ళినవాడు వేళ్ళో, కన్నో పోగొట్టుకుని వస్తాడు. ప్రాణమే పోవచ్చు కూడా.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం అమలులో వుంది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడమే కాదు, అమ్మడం, మార్చడం, బాగు చేయడం కూడా నేరమే. విడిభాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి. "నేను ముక్క మాత్రమే అరిగించాను, పిస్తోలు చేయలేదు" అంటే లేతు షాపు యజమానికి చెల్లదు.

2019లో చట్టాన్ని మరింత కఠినం చేశారు. అక్రమ తయారీకి కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం జైలు శిక్ష, దానికి తోడు జరిమానా వుంటాయి. సరదాగా చేశానన్నా, ఎవరి మీదా పేల్చలేదన్నా నేరం నేరమే.

అలాగని రైతుకు దారి లేకపోలేదు. నిజంగా పంట రక్షణ కోసం గొట్టంలో మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఇదే చట్టంలోని 13వ సెక్షనులో వుంది. ఆ తుపాకీ పంట రక్షణకు చాలదని అధికారి భావిస్తే మరో రకం నున్నగొట్టం తుపాకీకి కూడా ఇవ్వవచ్చు. పోలీసు విచారణ నివేదిక వచ్చాక నిర్ణయం తీసుకుంటారు. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సు గడువు ఐదేళ్ళు. అయితే తుపాకీకి లైసెన్సు వున్నంత మాత్రాన అడవి జంతువును చంపే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కాబట్టి పంట నష్టం జరిగినప్పుడు అటవీ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు పుచ్చుకోవడం మేలు.

ఇంట్లో ఇప్పటికే అలాంటి వస్తువు వున్నవారు దాన్ని బావిలోనో, చెరువులోనో పారేయడం మంచిది కాదు. ఎవరి చేతనో పోలీసు స్టేషనుకు పంపడమూ మంచిది కాదు. ముందు లాయరు సలహా తీసుకోవాలి. లాయరును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, తక్కువ ఆదాయం వారికి అక్కడ ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

చేతి పనికి చోటు లేదా?

ఆ కుర్రాడి చేతిలో పనితనం లేకపోలేదని మేస్త్రి గమనించాడు. గాడి వంకర పోయినా అంచులు శుభ్రంగా తీశాడు. "జారే సామానే కావాలంటే ఇదిగో" అని తన లేతు మిషను క్రాస్ స్లయిడు చూపించాడు. అది కూడా పట్టేస్తోంది.

పట్టేసిన దానికి వెంటనే ఆకురాయి పెట్టకూడదు. ముందు కిరసనాయిలుతో కడిగి, ఎండిన నూనె, ఇనుప రజను తీసేయాలి. అంచుల్లో లేచిన ముళ్ళు చూడాలి. పక్కనున్న గిబ్ పట్టీ మరలు సమంగా బిగించారో లేదో చూడాలి. అప్పటికీ పడితే ఒక ముఖానికి నీలి రంగు పలచగా రాసి, రెండో దాని మీద జరపాలి. రంగు అంటిన చోటే ఎత్తు. ఆ చుక్కల్ని మాత్రమే కొద్ది కొద్దిగా గీకి, మళ్ళీ రంగు రాసి చూడాలి. ఒక్కపూటలో తేలే పని కాదు. కాని ఈ పని వచ్చినవాడికి పంపులూ, ఇంజన్లూ, స్ప్రేయర్లూ వున్నంతకాలం కూలికి కొదవ వుండదు.

కుర్రాడు ఆ సాయంత్రం దాకా నీలి రంగు చేతులతో అక్కడే వున్నాడు. తువ్వాలు మూట సంగతి తండ్రికి చెప్పి, మర్నాడు ఇద్దరూ కలిసి లాయరు దగ్గరికి వెళ్ళాలని మేస్త్రి గట్టిగా చెప్పి పంపాడు. షాపులో పని నేర్చుకునే పిల్లలకు కూడా ఆనాడే ఒక మాట చెప్పాడు. ఎవరు ఏ ముక్క తెచ్చినా ముందు కొలత కాదు, అది ఏ సామానుకని అడగాలి. జవాబు తిన్నగా రాకపోతే మిషను ఆన్ చేయకూడదు.