వాగ్దాన భూమి, నాబోతు ద్రాక్షతోట

ఇజ్రాయెల్ పేరు వార్తల్లోకెక్కినప్పుడల్లా చాలా తెలుగు చర్చిల్లో ‘ప్రవచనం నెరవేరుతోంది’ అనే మాట వినిపిస్తుంది. దేవుడు అబ్రాహాముకు ఇస్తానన్న భూమి అదే, 1948 మే 14న పుట్టిన దేశం ఆ వాగ్దాన ఫలమే, దాన్ని తప్పుపడితే దేవుణ్ణి తప్పుపట్టినట్టే అని ఈ వాదం సాగుతుంది. యూదులకు సొంత దేశం కావాలన్నది న్యాయమైన కోరికే. అయితే ఆ న్యాయం చరిత్రలో ఉంది. బైబిల్‌ను పట్టాదారు పాసుపుస్తకంలా చూపిస్తే మాత్రం, భూమి విషయంలో అదే బైబిల్ పెట్టిన షరతులు మరుగున పడతాయి.

ఈ ప్రవచన వ్యాఖ్యానం మనం వింటున్న రూపంలో అంత పాతదేమీ కాదు. 19వ శతాబ్దంలో బ్రదరన్ బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ చరిత్రను యుగాలుగా విడగొట్టి, ఇజ్రాయెల్‌కూ సంఘానికీ వేర్వేరు పాత్రలు కేటాయించాడు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ఆ పద్ధతిని వాక్యం కిందే వ్యాఖ్యలుగా అచ్చేసి ఇంటింటికీ చేర్చింది. తెలుగు నేలకు ఈ వర్గంతో సంబంధం పాతదే: తరువాత నరసాపురం ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీర్ మిషనరీ కుటుంబాలను 1836లో భారతదేశానికి తీసుకొచ్చిన ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ కూడా ఆ బ్రదరన్ వర్గంవాడే.

యూదుల పక్షాన చరిత్ర చెప్పే సాక్ష్యం బలమైనది, క్రైస్తవులు తలదించుకోవలసినది కూడా. 1290లో ఇంగ్లాండు, 1492లో స్పెయిన్ వారిని వెళ్లగొట్టాయి. యూదుల దేశానికి మద్దతు కోరుతూ 1904లో జియోనిస్టు ఉద్యమ నాయకుడు థియోడర్ హెర్జల్ రోముకు వెళితే, యూదులు క్రీస్తును అంగీకరించలేదన్న కారణంతో పోప్ పదవ పయస్ కాదన్నారు. 1938లో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై యూదు శరణార్థుల మీద జాలి చూపాయి, తలుపులు మాత్రం చాలావరకు మూసే ఉంచాయి. ఆ తరువాత అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపారు. ఇంత జరిగాక వారికి తలదాచుకునే దేశం అక్కర్లేదని చెప్పే నైతిక హక్కు ఏ క్రైస్తవుడికుంది?

ఇక షరతుల మాట. భూమి తనదేననీ, అందులో ఉండేవారు పరవాసులేననీ లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడే అంటాడు. నాబోతు ద్రాక్షతోటను కాజేసిన అహాబు ఇజ్రాయెల్ రాజే. అయినా ప్రవక్త ఏలీయా అతణ్ణి విడిచిపెట్టలేదు. అలాంటి కథే ఇటీవలి చరిత్రలోనూ ఉంది. గలిలయలో ఇక్రిత్ అనే ఊరుండేది. ఊరివాళ్లు గ్రీకు కాథలిక్ క్రైస్తవులు. 1948 నవంబరులో రెండు వారాల్లో తిరిగి రావచ్చని చెప్పి సైన్యం వారిని ఖాళీ చేయించింది. వారు ఇజ్రాయెల్ పౌరులుగానే ఉండి కోర్టుకెక్కారు. తిరిగి వెళ్లవచ్చని 1951లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ వేళ సైన్యం వారి ఇళ్లను పేల్చేసింది, చర్చి ఒక్కటే మిగిలింది. దీన్ని ప్రవచన నెరవేర్పు అనాలంటే, అహాబు విషయంలో ఏలీయా తొందరపడ్డాడని కూడా అనాలి.

ఇలా మాట్లాడితే, యూదుల స్థానాన్ని సంఘం ఆక్రమించిందనే పాత సిద్ధాంతానికి తలుపు తెరిచినట్టే కదా అని కొందరి అభ్యంతరం. ఆ సిద్ధాంతం యూదద్వేషాన్ని పెంచిన మాట నిజమే. కానీ దేవుడు యూదులను విసర్జించలేదని రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు తేల్చేశాడు. అక్కడ ఆయన మాట్లాడింది ఒక జనం గురించి, ఏదో ప్రభుత్వ సరిహద్దుల గురించి కాదు. మరో అభ్యంతరం ఇంకా బరువైనది. పాలస్తీనాను విభజించే ఐక్యరాజ్యసమితి 1947 ప్రణాళికను కాదన్నది అరబ్బు నాయకులు. 2023 అక్టోబరు 7న దాదాపు 1,200 మందిని చంపింది హమాస్, దాని వెంట వచ్చిన సాయుధులు. నిజమే, తన ప్రజలను కాపాడుకునే హక్కు ఇజ్రాయెల్‌కు ఉంది. అయితే ఆ హక్కు ప్రతి దేశానికీ ఉన్నదే, దానికి ప్రవచనం ఆసరా అక్కర్లేదు. ప్రతి దేశానికీ ఉన్న హక్కే అయినప్పుడు ప్రతి దేశానికీ ఉన్న హద్దులూ దానికి వర్తిస్తాయి. ఇద్దరి హక్కులనూ ఒకేసారి గుర్తించవచ్చు కూడా. అప్పట్లో హెర్జల్‌ను కాదన్న వాటికనే 1993లో ఇజ్రాయెల్‌తో ఒప్పందం చేసుకుంది, 2015లో పాలస్తీనా దేశంతోనూ ఒప్పందంపై సంతకం చేసింది. రెండోదాని కోసం మొదటిదాన్ని రద్దు చేసుకోవలసిన పని దానికి పడలేదు.