పొగ పరీక్షలో తప్పిన పాత కారు: లోపమును వెదకు క్రమము

తెలుగులో పొగ, కన్నడములో హొగె, తమిళములో పుగై. మూడును ఒక్క మూలము నుండి పుట్టిన మాటలే. సరిహద్దుకు ఏ వైపున నివసించినా మన కుటుంబాలలోని పాత కార్లకు పొగ పరీక్ష తప్పదు. బళ్ళారి వైపు "వాయు మాలిన్య తపాసణా కేంద్ర" అని బోర్డు ఉంటుంది. హోసూరు వైపు "పుగై పరిశోదనై" అని వ్రాసి ఉంటుంది. లోపల జరిగే పని మాత్రం ఒక్కటే. సన్నని గొట్టమును సైలెన్సరులో పెట్టి, బయటికి వచ్చే వాయువులను యంత్రము చేత కొలిపిస్తారు.

కారు ఆ పరీక్షలో తప్పినప్పుడు మన వారిలో చాలామంది రెండు దారులలో ఒకటి పడతారు. మొదటిది, కొంత సొమ్ము ఎక్కువ ఇచ్చి సర్టిఫికెట్టు సంపాదించుట. రెండవది, మెకానిక్కు చెప్పిన పెద్ద భాగమును వెంటనే మార్పించుట. మొదటి దానితో పొగ తగ్గదు. రెండవ దానితో డబ్బు పోతుంది, పొగ తగ్గునో లేదో తెలియదు. మూడవ దారి ఒకటి ఉన్నది. లోపము ఎక్కడ ఉన్నదో వరుసగా వెదకి, చిన్న ఖర్చు నుండి పెద్ద ఖర్చుకు పోవుట. ఈ వ్యాసము ఆ మూడవ దారిని గురించినది. ఇది పెట్రోలు కార్లకు మాత్రమే వర్తిస్తుంది. డీజిలు బండ్ల పరీక్ష వేరు.

పొగలో ఏమి ఉంటుంది?

పొయ్యిలో ఎండు కట్టెలు పెట్టి గాలి బాగా ఆడనిస్తే మంట తేటగా ఉంటుంది. కట్టెలు క్రిక్కిరియజేసి గాలి ఆడకుండా చేస్తే పొగ కమ్ముకుంటుంది. ఇంజను కూడ అటువంటిదే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. అసలు మండకనే బయటికి వచ్చిన పెట్రోలు ఆవిరిని హైడ్రోకార్బన్లు అంటారు. పరీక్షలో ముఖ్యముగా కొలిచేది ఈ రెంటినే. మొదటి దానిని నూటికి ఇంత అని, రెండవ దానిని పది లక్షలకు ఇన్ని పాళ్ళు అని చెబుతారు.

కారు తయారైన కాలమును బట్టి హద్దులు మారుతాయి. భారత్ స్టేజి 2 కంటె ముందటి కార్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతము, హైడ్రోకార్బన్లు 1500 పాళ్ళు మించరాదు. భారత్ స్టేజి 2, 3 కార్లకు 0.5 శాతము, 750 పాళ్ళు. భారత్ స్టేజి 4 కార్లకు 0.3 శాతము, 200 పాళ్ళు. మీ కారు ఏ తరగతిదో ఆర్.సి. పుస్తకములోని తయారీ సంవత్సరమును బట్టి చాలవరకు తెలుసుకొనవచ్చు. దేశమంతటా స్టేజి 3 అమలైనది 2010లో, స్టేజి 4 అమలైనది 2017లో, స్టేజి 6 అమలైనది 2020లో. పెద్ద నగరాలలో స్టేజి 3, 4 కొన్నేళ్ళు ముందే వచ్చాయి. కనుక నగరములో కొన్న కారు పల్లెకు వచ్చి ఉంటే ఈ సంగతి గమనించాలి.

చీటీని చదువుట

2021లో పొగ సర్టిఫికెట్టును దేశమంతటికీ ఒకే నమూనాలో ఉండునట్లు మార్చారు. అప్పుడే తప్పిన బండికి తిరస్కరణ చీటీ ఇవ్వాలన్న నియమము కూడ వచ్చినది. అందులో ఉండవలసిన హద్దు, మీ బండికి వచ్చిన అంకె రెండును ఉంటాయి. దానిని తప్పక అడిగి పుచ్చుకొనండి. వైద్యుని వద్దకు పోయేటప్పుడు రక్తపరీక్ష కాగితము ఎటువంటిదో, మెకానిక్కు వద్దకు పోయేటప్పుడు ఈ చీటీ అటువంటిది. అంకెలను మూడు విధాలుగా అర్థము చేసుకొనవచ్చు.

కార్బన్ మోనాక్సైడు మాత్రమే హెచ్చుగా ఉంటే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అందుచున్నదని అర్థము. ఉదాహరణకు ఒక స్టేజి 3 కారుకు 2.1 శాతము, 350 పాళ్ళు వచ్చినవనుకొందాము. రెండవ అంకె హద్దులోనే ఉన్నది కనుక మొదట ఇంధనము హెచ్చగుటకు కారణము వెదకాలి.

హైడ్రోకార్బన్లు మాత్రమే హెచ్చుగా ఉంటే ఏదో ఒక సిలిండరులో మంట సరిగా అంటుకొనుట లేదు. ప్లగ్గు, ప్లగ్గు వైరు, వాల్వు, లేదా ఎక్కడో గొట్టము చీలి దొంగగాలి పీల్చుట కారణము కావచ్చు.

రెండును హెచ్చుగా ఉంటే పై రెండు లోపాలూ కలిసి ఉండవచ్చు, లేదా పొగను శుభ్రపరచు కన్వర్టరు పనిచేయకపోవచ్చు. అయినా కన్వర్టరును చివరననే అనుమానించాలి. ఎందుకో ముందు చెబుతాను.

ఖర్చు లేని పరీక్షలు

ఒకటి: ఇంజను వేడిగా ఉన్నదా? కన్వర్టరు సుమారు 300 డిగ్రీల వేడికి చేరితేనే సరిగా పనిచేస్తుంది. ఇంటి నుండి రెండు కిలోమీటర్లు నడిపి పరీక్షకు నిలిపిన కారు మంచిదైనా తప్పవచ్చు. పదిహేను ఇరువది కిలోమీటర్లు నడిపి, ఇంజను ఆపకుండ పరీక్షకు పెట్టండి.

రెండు: సైలెన్సరు గొట్టమునకు చిల్లులు ఉన్నవా? చిల్లు గుండా బయటి గాలి చేరితే అంకెలు తప్పుగా వస్తాయి. కారులోని ఆక్సిజన్ సెన్సరు కూడ మోసపోతుంది.

మూడు: ఇంజను ఆయిలు పాతదా? పాత ఆయిలులో పెట్రోలు కలిసి ఉంటే, ఆ ఆవిరి తిరిగి ఇంజనులోనికే పోయి అంకెలను పెంచుతుంది. ఆయిలు పుల్లను తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన తెలుస్తుంది. మార్చవలసిన గడువు దాటి ఉంటే ముందు ఆయిలు మార్చి, తరువాతనే మరల పరీక్షించుకొనండి.

నాలుగు: పొగ రంగు చూడండి. నల్లని పొగ పెట్రోలు ఎక్కువైనదని చెబుతుంది. నీలపు పొగ ఆయిలు మండుచున్నదని చెబుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ దట్టమైన తెల్లని పొగ వస్తూ, రేడియేటరు నీరు తగ్గుచుంటే నీరు సిలిండరులోనికి పోవుచున్నది. చలి ఉదయాన కొద్దిసేపు కనబడు తెల్లని ఆవిరి లోపము కాదు.

ఐదు: గ్యాసు కిట్టు ఉన్న కారైతే పెట్రోలు మీద ఒకసారి, గ్యాసు మీద ఒకసారి పరీక్షింపజేయండి. గ్యాసు మీద మాత్రమే తప్పితే లోపము కిట్టులో ఉన్నది. పెట్రోలు మీద మాత్రమే తప్పితే పెట్రోలు మార్గములో ఉన్నది. రెంటి మీదా తప్పితే ప్లగ్గులు, ఇంజను, కన్వర్టరు వంటి ఉమ్మడి భాగాలలో వెదకాలి.

చిన్న ఖర్చుతో చూడదగినవి

తరువాత ప్లగ్గులు విప్పించండి. లేత గోధుమ రంగు మంచిది. పొడిగా నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు పైకి వచ్చుచున్నది. ఇక్కడ ముఖ్యమైన సూత్రము ఒకటి ఉన్నది. ప్లగ్గులన్నీ ఒకే విధముగా నల్లబడితే లోపము అన్నిటికీ ఉమ్మడియైన చోట ఉన్నది. ఒక్క ప్లగ్గు మాత్రమే వేరుగా ఉంటే లోపము ఆ సిలిండరులోనే ఉన్నది. ఈ ఒక్క చూపుతో సగము వెదకులాట తగ్గుతుంది.

ఎయిర్ ఫిల్టరు మట్టితో నిండి ఉంటే మార్పించండి. కార్బురేటరు ఉన్న పాత మారుతి 800 వంటి కార్లకు ఇది చాల ముఖ్యము. చోకు పూర్తిగా తెరుచుకొనుచున్నదో లేదో కూడ అప్పుడే చూడాలి. ఎం.పి.ఎఫ్.ఐ. కార్లలో కంప్యూటరు గాలిని లెక్కించి పెట్రోలును సర్దుతుంది కనుక ఫిల్టరు ప్రభావము తక్కువే.

మన ప్రాంతాలలో తరచుగా కనబడు లోపము ఒకటి ప్రత్యేకముగా చెప్పాలి. "మన ఎండలకు ఇది అక్కరలేదు" అని కొందరు థర్మోస్టాటును తీసివేస్తారు. అది లేనిచో ఇంజను చేరవలసిన వేడికి చేరదు. చేరనందున కంప్యూటరు ఇంజను ఇంకా చల్లగానే ఉన్నదని తలచి పెట్రోలును ఎక్కువగా పంపుతుంది. మైలేజి తగ్గుతుంది, కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. నీటి వేడిని కొలుచు సెన్సరు చెడినా ఇదే ఫలితము. చాల దూరము నడిపినా వేడి ముల్లు అడుగుననే ఉంటే ముందు ఈ రెంటినీ చూపించండి.

మెకానిక్కు చేత చేయించవలసినవి

ఆక్సిజన్ సెన్సరు సైలెన్సరు గొట్టములో ఉండి, మండగా మిగిలిన ఆక్సిజనును కొలుస్తుంది. సాధారణముగా పాత కార్లలో వేడి ఇంజను మీద దాని వోల్టేజి 0.1 నుండి 0.9 వోల్టుల నడుమ త్వరత్వరగా పైకి క్రిందికి ఊగుతూ ఉండాలి. ఎప్పుడూ 0.8 దగ్గరే నిలిచి ఉంటే సెన్సరు చెడిపోయినదా, లేక నిజముగానే పెట్రోలు ఎక్కువైనదా? దీనిని తేల్చుటకు సులువైన ఉపాయము ఉన్నది. ఒక సన్నని వాక్యూమ్ గొట్టమును కొద్దిసేపు ఊడదీసి గాలి ఎక్కువగా పోనివ్వాలి. వోల్టేజి పడిపోతే సెన్సరు మంచిదే, లోపము పెట్రోలు వైపు ఉన్నది. కదలకపోతే సెన్సరునే అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండ సెన్సరును కొనవద్దు.

పెట్రోలు వైపు చూడవలసినవి మూడు. ప్రెషర్ రెగ్యులేటరుకు వాక్యూమ్ గొట్టము ఉన్న కార్లలో, ఆ గొట్టము లోపల పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటరు పొర చిరిగినది. ఇంజెక్టరు కారుచుంటే ఆపిన కారు మరల స్టార్టగుటకు మొరాయిస్తుంది. ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచు బొగ్గు డబ్బా వాల్వు తెరుచుకొని నిలిచిపోతే ఐడిలింగులో ఆవిరి అదనముగా పోతుంది.

స్టేజి 4 కార్లలో స్టీరింగు క్రింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. చెక్ ఇంజన్ దీపము వెలిగితే స్కానరు పెట్టి కోడు చదివించండి. పి0172 అంటే పెట్రోలు హెచ్చు. పి0171 అంటే గాలి హెచ్చు. పి0300 అంటే మంట తప్పుట. పి0420 అంటే కన్వర్టరు బలహీనము. కోడు లక్షణమును చెబుతుంది, భాగమును చెప్పదు. జ్వరము అన్నంత మాత్రాన ఏ జ్వరమో తెలియనట్లే. కోడును చెరిపివేసి పంపుట మరమ్మతు కాదు.

కన్వర్టరు చివరకు ఎందుకు?

కన్వర్టరు దానంతట అది చచ్చుట అరుదు. మండని పెట్రోలు దానిలోనికి పోయి మితిమీరి వేడెక్కుట వలన, లేదా మండిన ఆయిలు పూత పట్టుట వలన చెడుతుంది. ఆ మూల కారణమును సరిచేయకుండ కొత్తది బిగిస్తే అదీ చెడిపోతుంది. గొట్టమును చేతితో తట్టినప్పుడు లోపల గలగలమంటే దానిలోని పింగాణీ విరిగినది. వేగము పెంచినా బండి లాగకపోతే అది మూసుకొని ఉండవచ్చు. కన్వర్టరులో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి విలువైన లోహాలు ఉంటాయి. కనుక "తీసివేద్దాము, మైలేజి పెరుగుతుంది" అన్న మాట విని పాతదానిని వదలుకొనవద్దు. మార్పించితే పాతదానిని అడిగి తీసుకొనండి.

సర్టిఫికెట్టు కంటె పెద్ద సంగతి

కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను దానిని ఆక్సిజను కంటె రెండు వందల రెట్లకు పైగా బలముగా పట్టుకుంటుంది. కారు నేలకు చిల్లులు పడి, సైలెన్సరు కూడ కారుచుంటే ఆ వాయువు వెనుక సీటులోని పిల్లలకే ముందు చేరుతుంది. ప్రయాణములో పలువురికి ఒకేసారి తలనొప్పి, వికారము, మగత కలిగితే బండి ఆపి అందరినీ గాలిలోనికి దింపండి, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు. నిలిపిన కారులో ఏ.సి. వేసుకొని నిద్రపోరాదు.

చట్టము సంగతి కూడ తెలుసుకొనుట మంచిది. మొదటి రిజిస్ట్రేషను నుండి ఏడాది గడచిన ప్రతి బండికి ఈ సర్టిఫికెట్టు ఉండాలి. స్టేజి 4, 6 కార్లకు అది పన్నెండు నెలలు, అంతకు ముందటి వాటికి ఆరు నెలలు చెల్లుతుంది. 2019 సవరణ ప్రకారము హద్దులు మీరిన బండికి జరిమానా పది వేల రూపాయల వరకు ఉండవచ్చు. అనుమతి గల కేంద్రము ఏ రాష్ట్రములో ఇచ్చినా సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. కనుక సరిహద్దు దాటిన చోట పరీక్షింపజేసుకొన్నా ఇబ్బంది లేదు.

వ్రాసి పెట్టుకొనదగిన వరుస ఇది: చీటీలోని అంకెలు, ఇంజను వేడి, గొట్టము చిల్లులు, ఆయిలు, ప్లగ్గులు, ఫిల్టరు, థర్మోస్టాటు, ఆక్సిజన్ సెన్సరు, పెట్రోలు మార్గము, కన్వర్టరు. ఒక్కొక్కటి సరిచేసిన తరువాత మరల కొలిపించండి. రెండు మూడు ఒకేసారి మార్చితే ఏది లోపమో ఎన్నటికీ తెలియదు. మెకానిక్కుతో మాట్లాడునది తెలుగైనా, కన్నడమైనా, తమిళమైనా చీటీలోని అంకెలు మాత్రము అందరికీ ఒక్కటే. వాటిని ముందు పెట్టుకొని మాట్లాడండి.