మూడు ఫంక్షన్లు ఒకటైనా... వాన లెక్క మారకూడదు!

మడకశిర వైపు వేరుశనగ రైతుకు ‘వాన పడలేదు’ అనడానికీ, ‘ఎంత పడిందో కొలవలేదు’ అనడానికీ తేడా వివరించక్కర్లేదు. కోడ్‌లో మాత్రం ఈ రెండూ ఒక్కోసారి ఒకే సున్నా అయిపోతాయి! సాఫ్ట్‌వేర్ కొలువుకు సిద్ధమవుతున్నారా? అయితే ఈ చిన్న విషయం మీకు పనికొస్తుంది.

మండలాలవారీ వర్షపాతం, పంట పరిహారం చూపే యాప్ ఒకటి ఉందనుకుందాం. అంకెల్ని తీర్చి చూపించడానికి ముగ్గురు డెవలపర్లు మూడు చోట్ల మూడు ఫంక్షన్లు రాశారు. నాలుగో వ్యక్తి వాటిని కలిపి ఒకటి చేసి, ‘రివ్యూ చేయండి’ అని మీకు పంపారు. కోడ్ తగ్గింది, చూడ్డానికి బాగుంది. వెంటనే ఓకే చెప్పేస్తారా? ఆగండి. ముందు ఈ మూడూ చూడండి.

కామా ఎక్కడ?
పరిహారం మొత్తం మనకు 12,34,567గా కనిపించాలి. అమెరికా పద్ధతిలో అదే 1,234,567 అవుతుంది. జావాస్క్రిప్ట్‌లో ‘ఇంటల్ నంబర్‌ఫార్మాట్’కు భారతీయ లొకేల్ ఇస్తే లక్షల పద్ధతిలోనే కామాలు పడతాయి. కొత్త ఫంక్షన్‌లో లొకేల్ ఇచ్చారా, లేక యూజర్ బ్రౌజర్‌కే వదిలేశారా?

రౌండింగ్ ఎలా?
భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి వాన పడితేనే అది ‘వర్షపు రోజు’. ఈ 2.5ను పూర్ణాంకం చేస్తే జావాస్క్రిప్ట్ ‘మ్యాథ్ రౌండ్’ 3 ఇస్తుంది, పైథాన్ ‘రౌండ్’ 2 ఇస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంటే దగ్గరి సరి సంఖ్యను తీసుకోవడం పైథాన్ పద్ధతి. కాబట్టి వర్షపాతానికి ఒక దశాంశ స్థానం ఉంచాల్సిందే. తెర మీద చూపే అంకెతో లెక్కలు అసలే చేయకూడదు.

ఖాళీ అంటే సున్నా కాదు
జావాస్క్రిప్ట్‌లో ‘నల్’ను నంబర్‌గా మారిస్తే 0 వస్తుంది. పాత ఫంక్షన్ ఖాళీ చోట గీత చూపించేది, కొత్తది 0.0 చూపిస్తోందనుకోండి. కొలతే లేని రోజు వాన లేని రోజుగా మారిపోతుంది. కరవు ప్రాంతంలో ఇది చిన్న తప్పు కాదు.

మరి రివ్యూలో ఏం రాయాలి?
‘ఇది తప్పు’ అని ఊరుకోవద్దు. 0, -1, 2.5, 99999, 100000, నల్... వీటిని పాత ఫంక్షన్లకూ, కొత్తదానికీ ఇచ్చి చూడండి. ఫలితాలు ఎక్కడ వేరుగా ఉన్నాయో పట్టిక వేసి, ‘ఈ మార్పు కావాలనే చేశారా?’ అని అడగండి. రీఫ్యాక్టరింగ్ అంటే బయటికి కనిపించే పనితీరు మారకుండా లోపలి నిర్మాణాన్ని బాగు చేయడం. మార్టిన్ ఫౌలర్ 1999లో తెచ్చిన ‘రీఫ్యాక్టరింగ్’ పుస్తకం చెప్పేదీ ఇదే. పనితీరు మార్చాల్సి వస్తే దాన్ని వేరే మార్పుగా పంపమనండి. పరిహారానికీ వర్షపాతానికీ నిజంగానే వేర్వేరు నియమాలుంటే, రెండు ఫంక్షన్లు ఉన్నా తప్పు లేదు.

ఈ వారమే మీ కాలేజీ ప్రాజెక్టు తెరవండి. ఒకే పని చేసే ఫంక్షన్లు రెండు మూడు కచ్చితంగా దొరుకుతాయి. ముందు టెస్టులు రాయండి, తర్వాతే కలపండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావ్?’ అని అడిగితే ‘కోడ్ తగ్గించాను’ అనడం కన్నా, ‘తగ్గించేటప్పుడు ఏ లెక్కా మారకుండా చూశాను’ అని చెప్పండి. ఆ జవాబుకు విలువెక్కువ.