వైరల్ వెక్టర్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో కోవిషీల్డ్ వేయించుకున్న ప్రతివాళ్ల భుజంలోకీ చింపాంజీల జలుబు వైరస్ ఒకటి దిగింది. కంగారొద్దు, పెరిగే శక్తి తీసేసిన వైరస్ అది. కరోనా కొమ్ము ప్రొటీన్ జన్యువును కణంలోకి మోసుకెళ్లడమే దాని పని. ఇలాంటి మోతగాడినే వైరల్ వెక్టర్ అంటారు.

ల్యాబుల్లో దీని వాడకం ఇంకా పాతది. ఎలుక కణంలో ఒక జన్యువు ఏం చేస్తుందో తేల్చాలంటే, దాన్ని హెచ్‌ఐవీ వంశపు లెంటీవైరస్‌లో పెట్టి పంపుతారు. అది కణం డీఎన్‌ఏలోనే అతుక్కుపోతుంది (టీకాలోది అలా అతుక్కోదు). తోడుగా జెల్లీచేప మెరుపు జన్యువునూ పెడితే, సరుకు అందిన కణాలు నీలికాంతి కింద పచ్చగా వెలుగుతాయి.

వెల్లూరు సీఎంసీ వైద్యులు 2024 డిసెంబరులో వెల్లడించిన హీమోఫీలియా-ఎ చికిత్సలో ఐదుగురి మూలకణాలకు జన్యువు మోసిందీ లెంటీవైరసే.