చదివిన పుస్తకమే మళ్లీ

విన్న కథనే మళ్లీ చెప్పించుకోవడం పిల్లలకు సరదా. ముగింపు తెలిసినా పదేపదే చెప్పమంటారు, ఒక్క మాట మారినా పట్టేస్తారు. పెద్దయ్యాక చాలామందిలో ఈ అలవాటు పోతుంది. కొత్తవి చదవడానికే తీరిక లేదు, పాతదాన్ని మళ్లీ ఎందుకు అనుకుంటారు. అయితే మొదటిసారి చదివేటప్పుడు ధ్యాసంతా తర్వాత ఏం జరుగుతుందన్న దాని మీదే ఉంటుంది. కథ తెలిసిపోయాకే దాన్ని రచయిత ఎలా నడిపాడో చూసే తీరిక దొరుకుతుంది. పిల్లలూ పెద్దలూ కూడా చదువుకోదగ్గ పుస్తకాలైతే మరీను, వాటిలో సగం సంగతులు రెండోసారి చదివినవాళ్లకే అందుతాయి. అలాంటి పుస్తకాలు తెలుగులో చాలానే ఉన్నాయి.

ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ వాటిలో ముందు చెప్పుకోవలసింది. 1950ల్లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చింది. బుడుగు అనే చిన్న కుర్రాడు తన ఇంటి గురించీ వీధి గురించీ తనే చెప్పుకుపోతాడు. పదేళ్ల వయసులో చదివినవాళ్లు బుడుగు పక్షం. ప్రెవేటు మాష్టారిని ఎలా ఏడిపించాడు, సీగాన పెసూనాంబతో ఏం ఆడాడు, బామ్మ చేత తన మాట ఎలా నెగ్గించుకున్నాడు, ఇవే వాళ్లకు గుర్తుండిపోతాయి. నలభై ఏళ్ల వయసులో అదే పుస్తకం తెరిస్తే కళ్లు పెద్దవాళ్ల మీద పడతాయి. బాబాయి రెండుజెళ్ల సీత కోసం పడే తంటాలు, అమ్మానాన్నలైన రాధా గోపాళాల చిరుకోపాలు, ఆ వెంటనే కుదిరే రాజీలు, ఇరుగుపొరుగు వాళ్ల ఆరాలు, అన్నీ బుడుగు నోటి నుంచే వస్తాయి. వాటి అర్థం మాత్రం వాడికి తెలియదు. తను చూసింది చూసినట్టు, విన్నది తన చెవికి తోచినట్టు చెప్పేస్తాడు. వాడి తల మీదుగా రచయిత పెద్ద పాఠకుడితో మాట్లాడుతుంటాడు. ఎక్కడా వివరణ ఉండదు, కన్నుగీటడం ఉండదు. ఆ పనితనం మొదటిసారికి కనిపించదు, నవ్వే కనిపిస్తుంది.

రమణ ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ చదివి ‘బుడుగు’కు తిరిగొస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. రమణ చిన్నతనంలోనే తండ్రి పోయాడు, ఇల్లు చెదిరింది, తల్లి మద్రాసు చేరి నానా కష్టాలూ పడి పిల్లల్ని పెంచింది. ఆ సంగతి తెలిసి చదివితే అమ్మా నాన్నా బామ్మా బాబాయీ అందరూ ఒకే కప్పు కింద ఉన్న బుడుగు ఇంటి నిండుదనం వట్టి హాస్యంగా అనిపించదు. రాసినవాడికి ఆ నిండుదనం మీద ఎంత ప్రేమో పేజీ పేజీకీ తెలుస్తుంది.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం వచ్చి సుమారు వందేళ్లయింది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలెక్కి, ఓడెక్కి ఇంగ్లండు చేరతాడు. మద్రాసులో కొన్న టోపీ ఆడవాళ్లదని తెలియక దర్జాగా పెట్టుకు తిరిగిన ఘట్టం ఒక్కటి చాలు, పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఈ కథంతా పార్వతీశమే స్వయంగా చెబుతాడన్న సంగతిని మాత్రం చాలామంది చిన్నప్పుడు పట్టించుకోరు. నిజానికి ఇందులో ఇద్దరు పార్వతీశాలున్నారు. ఒకడు అడుగడుగునా తప్పటడుగు వేసే కుర్రవాడు. రెండోవాడు అవన్నీ దాటి వచ్చి, ఏదీ దాచకుండా తాపీగా చెబుతున్న పెద్దమనిషి. తన్ను చూసి ఊరంతా నవ్వుతోందని ఆ కుర్రవాడికి తెలియదు, కథ చెప్పే పెద్దమనిషికి తెలుసు. పుస్తకంలో హాస్యమంతా ఆ ఇద్దరి మధ్య దూరంలోంచి పుడుతుంది. అందుకే ఎంత నవ్వినా పార్వతీశం మీద చులకన భావం కలగదు. చదువుకోసమో ఉద్యోగంకోసమో మొదటిసారి పరదేశంలో దిగి, ఎవరిని ఏమడగాలో తెలియక నిలబడ్డవాళ్లకు ఆ కుర్రవాడు బాగా తెలిసినవాడే. రెండు, మూడు భాగాలు చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి. వాటిలో మొదటి భాగంలోని ఊపు లేదు. మళ్లీ చదవాలనుకునేవారు మొదటి భాగంతో ఆగినా నష్టం లేదు.

‘చందమామ’ సంగతి వేరు. అది పుస్తకం కాదు, నెలనెలా వచ్చిన పత్రిక. బి.నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులోనూ తమిళంలోనూ దాన్ని మొదలుపెట్టారు. ‘చందమామ’కు 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు సంపాదకత్వ భారం మోసినవారు కొడవటిగంటి కుటుంబరావు. సుందరం అనే కుర్రవాడి ఎదుగుదలను చెప్పే ‘చదువు’ నవల రాసిన కుటుంబరావే ఈయన. మూఢనమ్మకాలకు ఎదురు నిలిచిన హేతువాది, దయ్యాలూ మాంత్రికులూ నిండిన పత్రికను దాదాపు మూడు దశాబ్దాలు నడిపాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదని పాత సంచికలు చదివితే అర్థమవుతుంది. రాక్షసుడు బలంతో గెలుస్తాడు, మనిషి బుర్రతో గెలుస్తాడు. కథ ఎంత విచిత్రమైనా అందులో మనుషులు మాత్రం కార్యకారణాలు ఎరిగి నడుచుకుంటారు. ఎవరు రాసి పంపిన కథైనా ఆయన చేతిలో పడ్డాక పొట్టి వాక్యాల్లోకి, ఏ ప్రాంతం పిల్లవాడికైనా తెలిసే మాటల్లోకి మారేది. ఆ వచనం గొప్పతనం చిన్నప్పుడు తెలియదు. కథ గబగబా సాగిపోయిందంటే కారణం ఆ వచనమే.

బేతాళ కథల్లోనూ అంతే. పిల్లలకు గుర్తుండేది శంకర్ వేసిన బొమ్మ. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడిచే విక్రమార్కుడు. సంస్కృత మూలంలో కథలు ఇరవై అయిదే. చందమామ ఆ చట్రాన్ని తీసుకుని దశాబ్దాలపాటు కొత్త కథలు చెప్పుకుంటూ పోయింది. పెద్దయ్యాక చదివితే బొమ్మకంటే చివరి ప్రశ్న ఎక్కువ పట్టి ఆపుతుంది. ఇద్దరిలో ఎవరిది త్యాగం, తప్పు ఎవరిది, ఎవరికి హక్కుంది అని బేతాళుడు అడుగుతాడు. రాజు చెప్పిన జవాబు ఒక్కటే సరైనదని చిన్నప్పుడు నమ్మేశాం. ఇప్పుడు కొన్ని కథల్లో ఆ తీర్పుతో పేచీ పెట్టుకోవాలనిపిస్తుంది. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు రాజు నోరు విప్పక ముందే పుస్తకం మూసి, నువ్వేమంటావని అడిగితే మంచి వాదన నడుస్తుంది.

దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ మాత్రం జాగ్రత్తగా చదవాలి. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటివి ఏళ్ల తరబడి సాగాయి. ప్రతి భాగమూ ప్రమాదం అంచున ఆగుతుంది. నెలంతా ఎదురుచూసిన పాఠకుడికి ఆ ఆగడంలోనే సగం రుచి. ఇప్పుడవి పుస్తకాలుగా దొరుకుతున్నాయి. ఒకే పూట ఆసాంతం చదివితే ఏడెనిమిది పేజీలకోసారి వచ్చే ఆపద విసుగనిపించవచ్చు. తప్పు రచనది కాదు, చదివే పద్ధతిది. రోజుకొక భాగం చదివి ఆపేస్తే పాత రుచి చాలావరకు తిరిగొస్తుంది. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు కూడా ఉన్న ప్రతి దొరికితే మరీ మంచిది, ఎందుకంటే ఆ కథల్లో సగం లోకం ఆ బొమ్మల్లోనే ఉంది.

మళ్లీ చదివితే ఆనందమే కాదు, కొన్నిచోట్ల ఇబ్బందీ కలుగుతుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గణపతి’ 1920 నాటిది. కడుపుబ్బ నవ్వించే నవలే, కాని బాల్యవివాహాలు అందులో మామూలు విషయాల్లా నడిచిపోతాయి. పాత జానపద కథల్లో సాహసం చేసినవాడికి అర్ధరాజ్యంతోపాటు రాకుమార్తెనూ ఇచ్చేస్తారు, ఆమెను ఎవరూ అడగరు. చెడ్డవాడు నల్లగా, మంచివాడు తెల్లగా ఉంటాడు. ఇలాంటివి కనబడ్డాయని ఆ పుస్తకాలను అటకెక్కించడం సరి కాదు, కత్తిరించి అచ్చువేయడం అంతకంటే సరి కాదు. రాసిన కాలం ఎలాంటిదో ఉన్నదున్నట్టు తెలియాలి. పక్కన కూర్చుని వింటున్న పాప ‘రాకుమార్తెను ఎందుకడగలేదు’ అంటే, అడగవలసిందే అని చెప్పడానికి అదే సమయం.

గురజాడ ‘కన్యాశుల్కం’ చాలామందికి మొదట పరిచయమయ్యేది బడి పుస్తకంలోనో, 1955 నాటి సినిమాతోనో. అందువల్ల గిరీశం గొప్పలే గుర్తుంటాయి. నాటకం మొత్తం చదివినవాళ్లకు మధురవాణి గుర్తుంటుంది, ఆమె తెలివి ముందు తక్కినవాళ్లంతా తేలిపోతారు. ఇప్పుడు అందరం చదివేది 1909 నాటి రెండో కూర్పు. 1897లో అచ్చయిన మొదటి కూర్పును గురజాడ ఎంతగానో తిరగరాసి, పెంచి దీన్ని తయారుచేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక గొప్ప రచయిత తన రచననే మళ్లీ చదువుకుంటే ఏమవుతుందో తెలుస్తుంది.

పెద్దల నవలల్లో పాత్రల మీద సానుభూతి చేతులు మారుతుంది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని ఇరవైల్లో చదివినవాళ్లు దయానిధితో కలిసి బాధపడతారు. యాభైల్లో చదివితే అమృతం, కోమలి వంటి స్త్రీలు ఏమనుకుని ఉంటారన్న ఆలోచన ముందుకొస్తుంది, దయానిధి తన బాధలోనే ఎంత మునిగిపోయాడో తెలుస్తుంది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో అప్పట్లో అమ్మాయిల మనసు దోచింది రాజశేఖరం. ఇవాళ మళ్లీ చదివితే ఉద్యోగం చేసి బతికే జయంతి ఆత్మాభిమానమే నిలిచి కనిపిస్తుంది. కొన్ని నవలలు రెండో చదువుకు నిలవవు కూడా. అప్పట్లో కన్నీళ్లు పెట్టించిన ఘట్టం ఇప్పుడు బలవంతంగా అతికించినట్టుంటుంది. అదీ తెలుసుకోవలసిన సంగతే.

మాస్కోలో తెలుగు అక్షరాలతో అచ్చయి వచ్చిన సోవియట్ పుస్తకాలను మరచిపోలేం. ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత రాదుగ వేసిన పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికేవి. మంచి కాగితం, నిండుగా రంగుల బొమ్మలు. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి అనువదించారు. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ రాకా ఆగిపోయింది. మంచు ఎన్నడూ చూడని ఊళ్లలో పిల్లలు మంచుబళ్ల కథలు చదువుకుని పెరిగారు. మళ్లీ చదివితే ఆ అనువాదాల్లో తెలుగు నుడికారం ఎంత శ్రద్ధగా పొదిగారో గమనించవచ్చు.

పాత పుస్తకం చదవాలంటే ముందు అది దొరకాలి. పేరున్నవి కొత్త ముద్రణల్లో వస్తూనే ఉన్నాయి, పాత చందమామ సంచికలు స్కాన్ అయి అంతర్జాలంలోకి చేరాయి. విదేశాల్లో పుట్టి, తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలకు ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపించడమే దారి. చందమామ వచనం, బుడుగు మాట అందుకు చక్కగా సరిపోతాయి, రెండూ చెవికి ఇంపుగా ఉంటాయి. అయితే పునర్ముద్రణల్లో కథ ఉంటుంది గాని పత్రిక ఉండదు. సంచికలో ఆ కథ పక్కనే ఉన్న ఫొటో వ్యాఖ్యల పోటీ, వడ్డాది పాపయ్య ముఖచిత్రం, ఆనాటి సబ్బుల, బిస్కెట్ల ప్రకటనలు ఉండవు. అవీ కాగితం మీదే చూడాలంటే పాత సంచికలు పదిలంగా దాచిన గ్రంథాలయాలకు వెళ్లవలసిందే. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను భద్రపరచిన పేరుగాంచిన గ్రంథాలయాల్లో ఒకటి. ఇలాంటి చోట్ల పెళుసుబారిన కాగితాన్ని జాగ్రత్తగా తిప్పుతూ పాత పత్రికలను అవి వెలువడిన రూపంలోనే చదువుకోవచ్చు.